కనపడలేదన్నారు, లేదనలేదు

మా మిద్దె మీద అద్దెకుంటున్న లోహితకు కోపం రాదని మా వీధిలో పేరు. నిజానికి లావుగా ఉన్న ఆడమనిషికి కోపం రాకూడదని మన దగ్గర ఎవరూ రాయని నియమం ఒకటుంది. ఆమె నవ్వాలి. ఎదుటివాళ్ళు వెక్కిరించే లోపల తనను తానే వెక్కిరించుకోవాలి. షేర్ ఆటోవాడు "అమ్మా, నీ పక్కన ఇంగెవురూ పట్టరు, రెండు సీట్లకియ్యి" అన్నా నవ్వాలి. లోహిత చంద్రగిరిలో బడికి పోయే రోజుల నుంచే ఈ నియమాన్ని శ్రద్ధగా పాటించింది. బడిలో ఆమె పేరు రాజమహల్, ఆ ఊరి కోటలోని పెద్ద మేడ పేరు. "కోటలో పక్కనే రాణీమహల్ కూడా ఉండాది కదక్కా, ఆడపిల్లనని ఆ పేరన్నా పెట్టొచ్చు కదా" అని తానే చెప్పి, తానే ముందు నవ్వేది. మేమూ నవ్వేవాళ్ళం. నవ్విన తర్వాత ఎక్కడో గుచ్చుకునేది.

అలాంటి మనిషి పోయిన ఏడాది ఒక స్కానింగ్ సెంటర్లో, నిండా జనం ఉండగా, గోడలు అదిరేలా అరిచింది. నేను పక్కనే ఉన్నాను. పెద్దదాన్ని, ఆపవలసినదాన్ని. ఆపలేదు. ఎక్కడైనా మాట తడుముకుంటే అందిద్దామని సిద్ధంగా నిలబడ్డాను. ఆమెకు నా అవసరం పడలేదు.

మాది తిరుచానూరు రోడ్డు. కింద మేము, పైన వాళ్ళు: లోహిత, ఆమె భర్త మునికుమార్, అత్త కుప్పమ్మ. మునికుమార్ రేణిగుంటలో ఒక గోడౌన్‌లో పని చేస్తాడు. పొద్దున పోతే చీకటి పడ్డాకే ఇల్లు చేరతాడు కాబట్టి ఈ కథలోనూ పెద్దగా కనిపించడు. లోహిత బీఫార్మసీ చదివి, తిరుపతిలోనే మెడికల్ కోడింగ్ ఉద్యోగంలో చేరింది. వారంలో సగం రోజులు ఆఫీసు, సగం రోజులు ఇంట్లోనే పని. ఆ ఉద్యోగమేమిటో వీధికి వివరించే బాధ్యత కుప్పమ్మ తీసుకుంది.

"మా కోడలు నంబర్లేస్తాది" అనేది.

"బండ్లకా?" అని అడిగింది పాలావిడ.

"బండ్లకెందుకేస్తాది మే? అమెరికావోళ్ళ జబ్బులకి!"

కుప్పమ్మ చెప్పింది తప్పేమీ కాదు. అమెరికా ఆసుపత్రుల్లో డాక్టర్లు రాసిన రిపోర్టులు వీళ్ళ కంప్యూటర్లలోకి వస్తాయి. ప్రతి జబ్బుకూ, ప్రతి ఫలితానికీ ఒక కోడ్ ఉంటుంది. రిపోర్టు చదివి సరైన కోడ్ పెట్టడం లోహిత పని. డాక్టరు రాసినదానికే పెట్టాలి. రాయనిదాన్ని ఊహించుకుని పెడితే తప్పు.

ఒకరోజు పని ముగించుకుని కాఫీకి కిందికి దిగి వచ్చింది. వస్తూనే పడీపడీ నవ్వింది.

"ఈ పొద్దు మా జాతికంతా కలిపి ఒక నంబరు దొరికిందక్కా. ఒంట్లో కొవ్వెక్కువై స్కానింగ్‌లో సరిగా తెలియలేదు అనేదానికి కూడా కోడ్ పెట్టినారు. ఆర్ తొంభై మూడు పాయింట్ తొమ్మిది."

"అంటే జబ్బు లేదనా?" అన్నాను.

"కాదక్కా. ఉండాదో లేదో తెలియలేదని. లేదు అనేది వేరే. ఈ రెండూ కలిపేస్తే, మేం పెట్టిన కోడ్‌లు సరిచూసే ఆడిటరు నా తోలు తీస్తాడు."

ఆ రోజు ఇద్దరం నవ్వుకున్నాం. ఆమె కాఫీ తాగి, చక్కెర తక్కువేసినానని నన్ను తిట్టి పైకి పోయింది.

నొప్పి ఆ తర్వాత కొన్నాళ్ళకు మొదలయింది. కుడివైపు పక్కటెముకల కింద. ఏదైనా తిన్న కాసేపటికి పట్టుకుని, వీపులోకి, భుజందాకా లాగేది. మొదట్లో సోడా తాగింది, జీలకర్ర నమిలింది, వాము నీళ్ళు తాగింది. తగ్గలేదు. మా వీధి చివర క్లినిక్‌లో డాక్టర్ దయానంద్ దగ్గరికి పోయింది. ఆయన మంచివాడు. మా ఇంట్లో అందరికీ ఆయన మాత్రలే. కానీ లోహిత లోపలికి వచ్చి కుర్చీలో కూర్చునే లోపలే ఆయనకు జబ్బు తెలిసిపోయింది.

"బరువు తగ్గాలమ్మా."

"నొప్పి సార్, ఈడ..."

"అదే, బరువు తగ్గితే అన్నీ తగ్గుతాయి. అన్నం మానెయ్యి. గ్యాస్‌కి మాత్ర రాస్తున్నా."

ఆమెకు గొంతు నొప్పి వచ్చినా ఇదే మందు, కాలి వేలికి దెబ్బ తగిలినా ఇదే మందు. మూడోసారి పోయినప్పుడు కుప్పమ్మ వెంటబడి పోయి, "అన్నం మానేసి సగం సచ్చింది సామీ, నొప్పి మాత్రం అట్నే ఉండాది" అంటే, అప్పుడు స్కానింగ్‌కి రాశాడు.

స్కానింగ్‌కి ముగ్గురం పోయాం. పొద్దున్నే, ఏమీ తినకుండా రమ్మన్నారు. రిసెప్షన్‌లో నందిని అని ఒక అమ్మాయి. బరువు మిషన్ హాలు మధ్యలో ఉంది, కంప్యూటర్ అటు చివర ఉంది. ఆ అమ్మాయికి రెండింటి మధ్యా నడిచే ఓపిక లేదు. అందుకని మిషన్ దగ్గర నిలబడి బరువును కేక పెట్టేది, అటునుంచి ఇంకొకరు కంప్యూటర్లో కొట్టుకునేవారు. లోహిత బరువు ఎంతని కేక పెట్టిందో నేనిక్కడ రాయను. హాలంతా విన్నది చాలు. అవతలి వాళ్ళకు నమ్మకం కుదరక "ఎంతా?" అని మళ్ళీ అడిగారు. నందిని మళ్ళీ చెప్పింది. బెంచీ మీద కూర్చున్న ఒకాయన చదువుతున్న పేపరు దించి చూశాడు. లోహిత ఆయనను చూసి నవ్వింది. ఆ నవ్వు చూస్తే నాకు ఆయన పేపరు లాక్కుని చించెయ్యాలనిపించింది.

లోపల స్కానింగ్ చేసే డాక్టరు పేరు చక్రధర్. లోహిత వెంట నేను పోయాను. కుప్పమ్మను రావద్దన్నారు, కాబట్టి ఆమె తలుపు కొంచెం తెరిచి ఆ సందులో మొహం పెట్టింది. డాక్టరు చల్లటి జెల్ పూసి, స్కానింగ్ మిషన్ పిడిని పొట్ట మీద అటూ ఇటూ జరిపాడు. ఇంకొంచెం నొక్కాడు. లోహిత పళ్ళు బిగబట్టింది. ఆయన తెర వైపు చూస్తూ విసుక్కున్నాడు.

"కొవ్వు అడ్డమొస్తా ఉంది. ఏమీ కనపడలే." మూలన టైపు చేస్తున్న అమ్మాయితో, "నార్మల్ కొట్టెయ్. నెక్స్ట్" అన్నాడు.

తలుపు సందులోనుంచి కుప్పమ్మ ఒక్క కేక పెట్టింది. "అమ్మా, తల్లీ, పద్మావతమ్మా! ఏమీ కనపడలేదంట! నా కోడలికి ఏమీ లేదంట!"

ఆమె తప్పేమీ లేదు. మన మాటలోనే ఈ తంటా ఉంది. డబ్బా మూత తీసి చూసి, లోపల చక్కెర లేకపోయినా "చక్కెర కనపడలే" అంటాం. మూత రాక, డబ్బాలోకి చూడనే చూడకపోయినా అదే అంటాం. కుప్పమ్మ మొదటిది విన్నది. డాక్టరు అన్నది రెండోది. లోహితకు ఆ తేడా ఆ క్షణంలోనే తెలుసు. కానీ జెల్ తుడుచుకుంటూ, చుడీదారు సర్దుకుంటూ, ఆ గదిలోనుంచి ఎలా బయటపడదామా అని చూస్తున్న మనిషి వాదన పెట్టుకోదు. తల వంచుకుని వచ్చేసింది. బయట కుప్పమ్మ ముక్కూ మొహం తెలియనివాళ్ళకు కూడా ఈ సంతోషం పంచుతోంది. పేపరాయన లోహితను చూసి, "మంచిదమ్మా, ఇంగ కొంచెం నోరు కట్టుకో" అని ఉచితంగా సలహా ఇచ్చాడు.

మర్నాడు కుప్పమ్మ తిరుచానూరు అమ్మవారికి మొక్కు తీర్చుకుని వచ్చి, చక్కెర పొంగలి వండింది. వీధి వీధంతా పంచింది. నెయ్యి వేలి సందుల్లోనుంచి కారేలా చేసింది, సంతోషంలో మనిషికి కొలతలుండవు కదా. కోడలిని కూర్చోబెట్టి, "ఏమీ లేదని సెప్పినారు కదా, ఇంగ పస్తులెందుకు, తిను మే" అని గరిటెల మీద గరిటెలు వడ్డించింది. అన్నాళ్ళుగా సగం కడుపుతో ఉన్న లోహిత, అత్త మొహం చూసి కాదనలేక తిన్నది.

ఆ మధ్యాహ్నం పైన ఏదో పడిన చప్పుడు వినిపించి నేను మెట్లెక్కాను. లోహిత కంప్యూటర్ ముందు కుర్చీలోనుంచి జారి నేల మీద మెలికలు తిరుగుతోంది. ఒళ్ళంతా చెమట. ఒకసారి వాంతి చేసుకుంది. కుప్పమ్మ ఆమె తల ఒళ్ళో పెట్టుకుని, "ఏమీ లేదన్నారు కదే, ఏమీ లేదన్నారు కదే" అని అదే మాట అంటోంది.

ఆటోలో దయానంద్ దగ్గరికి తీసుకుపోయాం. సూది వేశాడు. నొప్పి కొంచెం దిగింది. అప్పుడు రిపోర్టు తీసి చూశాడు.

"స్కానింగ్ నార్మల్ కదమ్మా. పిత్తాశయం నార్మల్, లివర్ నార్మల్. బాగా నెయ్యి తిన్నావు, గ్యాస్ పట్టింది."

"నార్మల్ కాదు సార్" అంది లోహిత. గొంతు సన్నగా ఉంది. "ఆయన కనపడలేదన్నాడు."

"అదే కదా. ఏమీ కనపడలేదు."

"కనపడలేదన్నాడు సార్, లేదనలేదు. కొవ్వు అడ్డమొచ్చి చూడలేకపోయినాడు."

ఆయన నవ్వాడు. మంచివాడే, ఇప్పటికీ అంటాను. కానీ ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు మండుతుంది. "రెండూ ఒకటేనమ్మా. నువ్వు ఆఫీసులో చదివేవన్నీ నీ ఒంటికి తగిలించుకోబాక. బరువు తగ్గు."

లోహిత లేచి నిలబడింది. మామూలుగా అయితే ఇక్కడ ఒక జోకు వేసి, నమస్కారం పెట్టి వచ్చేది. వేయలేదు. "నా బరువు మీకు కనపడతాది సార్. అది ఒకటే కనపడతాది" అని రిపోర్టు తీసుకుని బయటికి నడిచింది. ఇంటికొచ్చాక మెట్ల దగ్గర నా చెయ్యి పట్టుకుని, "రేపు పొద్దున రావాలక్కా. తినకుండా పోవాల, లేకపోతే అదొక సాకు చెప్తాడు" అంది.

పొద్దున్నే పోయాం. కుప్పమ్మ కూడా చీర కొంగు నడుముకు దోపుకుని బయలుదేరింది, కయ్యానికి పోయే మనిషి మాదిరి. నందిని మిషన్ చూపించి, "అక్కా, బరువు సూసుకుందాం రాండి" అంది.

"మొన్న చూసినారు. ఊరంతా విన్నారు. ఎవురన్నా వినకుండా మిగిలినారా?" అంది లోహిత. నందిని పక్కకు జరిగింది.

లోహిత చక్రధర్ గది తలుపు తీసుకుని నేరుగా లోపలికి పోయింది. వెనకే మేమిద్దరం. ఆయన అప్పుడే టీ గ్లాసు పట్టుకుని ఉన్నాడు.

"సార్, మొన్న నా పొట్టలో మీకు ఏం కనపడింది?"

ఆయన రిపోర్టు తీసుకుని, "నార్మల్ అని ఇచ్చినాం కదమ్మా" అన్నాడు.

"ఇచ్చింది కాదు సార్. కనపడింది చెప్పండి. పిత్తాశయం కనపడిందా?"

ఆయన టీ కింద పెట్టాడు. మా ముగ్గురినీ చూశాడు. "అంత క్లియర్‌గా రాలేదులే. కొవ్వు అడ్డమొస్తే అంతే."

"మరి నార్మల్ అని ఎట్ల రాసినారు?"

"ఏం రాయమంటావమ్మా? లావుగా ఉన్నావు, సరిగా కనపడలేదు అని రాయమంటావా? ఒకసారి ఒకామెకు అట్లే రాసినా. వాళ్ళాయన వచ్చి నా టేబుల్ గుద్ది పోయినాడు, మా ఆవిడ పరువు తీస్తావా అని. అప్పట్నుంచి మర్యాదగా నార్మల్ అని ఇస్తున్నాం."

అక్కడ పగిలింది లోహిత. తలుపు తెరిచే ఉంది. హాలంతా వినిపించింది.

"మర్యాదా! ఆడ నా బరువు కేక పెట్టి ఊరికి చెప్పినప్పుడు యాడికి పోయింది సార్ మీ మర్యాద? నన్ను ఈ బల్ల మీద పడుకోబెట్టి 'కొవ్వు అడ్డమొస్తా ఉంది' అని గదిలో అందురూ వినేటట్టు అన్నప్పుడు గుర్తు రాలేదా? నోటికి లేని మర్యాద కాగితానికెందుకు? రాయాల్సిన చోట సిగ్గుపడతారు, సిగ్గుపడాల్సిన చోట అరుస్తారు! మీరు నార్మల్ అని రాసినారు కాబట్టి మా డాక్టరు నన్ను ఇంటికి తోలేసినాడు. మా అత్త మొక్కు తీర్చుకుని నాకు నెయ్యి పోసి పెట్టింది. నేను నేల మీద పొర్లినా. సరిగా కనపడలేదని ఒక్క ముక్క రాసుంటే ఇంకొక పరీక్షకి పంపించేవోళ్ళు కదా! నేను రోజూ చేసే పనే ఇది సార్. దానికొక కోడ్ కూడా ఉండాది!"

"అవన్నీ అమెరికాలోనమ్మా" అన్నాడాయన నీరసంగా.

"నొప్పి ఈడనే ఉండాది సార్!"

కుప్పమ్మ ఇంతసేపూ ఒక మాట కోసం వెతుక్కుంటున్నట్టుంది. ఇప్పుడు ముందుకొచ్చి, "ఏమప్పా, కనపడకపోతే కనపడలేదని సెప్పాల గానీ, లేదని సెప్తావా? నేను నమ్మి కొబ్బరికాయ కొడితిని కదప్పా!" అంది. ఆమె ఏడుస్తోంది. కోడలికి వడ్డించిన చేతిని చీర కొంగుకు తుడుచుకుంటూ ఉంది, అక్కడ అంటుకున్నదేమీ లేకపోయినా.

లోహిత బల్ల ఎక్కి పడుకుంది. చుడీదారు తానే పైకి లాక్కుంది. "చూడండి. చూసేదాకా దిగను."

"బయట ఎంతమంది ఉన్నారో చూడమ్మా."

"ఉండనీ. వాళ్ళలో కూడా నా మాదిరోళ్ళు ఉంటారు."

చక్రధర్ మొహం ఎర్రబడింది. కానీ కూర్చున్నాడు. బహుశా మమ్మల్ని త్వరగా వదిలించుకోవడానికే కావచ్చు, నేను ఆయన మనసులోకి దూరి చూడలేదు. ఈసారి జెల్ ఎక్కువ వేశాడు. "ఎడమ పక్కకు తిరుగు. చెయ్యి తల మీద పెట్టుకో. ఊపిరి పీల్చి బిగబట్టు" అన్నాడు. పక్కటెముకల సందులోనుంచి వాలుగా పెట్టి చూశాడు. వదలమన్నాడు, మళ్ళీ పీల్చమన్నాడు. మొన్న ఇవేవీ చేయలేదు. మొన్న ఆయన చూసినది పొట్ట కాదు, గడియారం.

చాలాసేపటి తర్వాత, "ఏదో నీడ మాదిరి ఉంది" అన్నాడు. "రాయేమో. ఖచ్చితంగా చెప్పలేను. నిజంగానే సరిగా తెలియడం లేదు."

"అది రాయండి సార్. అచ్చం అదే."

టైపు చేసే అమ్మాయిని పక్కకు జరగమని ఆయనే కూర్చుని కొట్టాడు. శరీరంలో కొవ్వు వల్ల పిత్తాశయం స్పష్టంగా కనపడలేదని, రాళ్ళున్నాయన్న అనుమానం ఉందని, మరో పరీక్ష అవసరమని. క్షమించమని అడగలేదు. కాగితం చేతికిస్తూ, "ఇంగ చాలా?" అన్నాడు, మాకేదో దానం చేసినట్టు. లోహిత చదివింది. మళ్ళీ చదివింది. "చాలు" అని దిగింది. హాల్లో అందరూ మమ్మల్నే చూస్తున్నారు. మూలన కూర్చున్న ఒక లావుపాటి ఆమె మాత్రం లేచి, రిసెప్షన్ దగ్గరికి పోయి, "నా బరువు గట్టిగా సెప్పబాక మే, సెవిలో సెప్పు" అంది.

ఆ కాగితం చూసి దయానంద్ ఎంఆర్ఐకి రాశాడు. రాస్తూ రాస్తూ అలవాటుగా "బరువు..." అని మొదలుపెట్టి, లోహిత చూపు చూసి ఆపేశాడు.

ఎంఆర్ఐ కోసం పెద్దాసుపత్రికి పోయాం. ఆ సొరంగం లాంటి మిషన్ చూసి కుప్పమ్మకు దిగులు పట్టుకుంది. "మా కోడలు దీంట్లో పడతాదా నాయనా?" అని అక్కడి కుర్రవాడిని అందరి ముందూ అడిగేసింది. "అత్తా!" అంది లోహిత. పట్టింది. రాళ్ళున్నాయి, ఒకటి కాదు. పిత్తాశయం వాచి ఉంది. వాళ్ళు అక్కడే సర్జన్ దగ్గరికి పంపారు.

డాక్టర్ రెబెకా బొమ్మలన్నీ తెర మీద పెట్టుకుని చూసి, ఎన్నాళ్ళుగా నొప్పి అని అడిగింది. లోహిత చెప్పింది. మధ్యలో అడ్డుపడకుండా మొత్తం విన్నది. తర్వాత క్యాలెండర్ వైపు తిరిగి, "శుక్రవారం ఆపరేషన్ చేసేద్దాం" అంది.

కుప్పమ్మకు నమ్మకం కుదరలేదు. "బరువు తగ్గినాక కదా అమ్మా?"

"రాళ్ళు అంతవరకూ ఆగవు కదమ్మా. మత్తు డాక్టరుతో మాట్లాడి జాగ్రత్తగా చేస్తాం. ఆ సంగతి తర్వాత, ఆమెకు ఇష్టమైతే మాట్లాడుకుందాం."

ఇక ఏడుస్తుందేమో అనుకుని నేను లోహిత భుజం మీద చెయ్యి వేశాను. ఏడవలేదు. బయటికి వచ్చిన తర్వాత వరండాలో గోడకు ఆనుకుని నిలబడింది. ముక్కు పుటాలు అదురుతున్నాయి.

"ఇంతేనా అక్కా? ఎన్నాళ్ళని అడిగింది. విన్నది. చేద్దామంది. ఇంతేనా?"

"ఇంతే" అన్నాను.

"మరి ఇన్నాళ్ళూ వాళ్ళకేం రోగం? ఒక్కడన్నా అడగొచ్చు కదా! అడిగితే ఏం పోయేది?"

"గమ్మునుండు మే" అంది కుప్పమ్మ, చుట్టూ చూస్తూ. "ఆసుపత్రి. అందురూ సూస్తా ఉండారు. అరిస్తే నొప్పొస్తాది."

"రానీ అత్తా, గమ్మునుండను" అంది లోహిత. శుక్రవారం పొద్దున చక్రాల కుర్చీలో ఆపరేషన్ గదికి తీసుకుపోయేదాకా గమ్మునుండలేదు. తలుపు మూసుకునే లోపల నర్సును ఆపి, తన కేసు కాగితంలో ఏం రాశారో చదివి వినిపించమంటోంది.